మూడు బిళ్లలు ఒక్క తీరు

2005 నాటి సంగతి. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో మా ల్యాబ్ ఉండేది. కింద జిరాక్సు షాపు, మా పక్క గదిలో జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్. మెట్లెక్కే ప్రతి ఒక్కరి చేతిలోనూ ఏదో ఒక కోర్సు కరపత్రం ఉండేది. మా తలుపు తోసి "ఇక్కడ డాట్‌నెట్ చెప్తారా మేడమ్?" అని అడిగిన పిల్లలకు లెక్కలేదు. "లేదు నాయనా, ఇక్కడ ప్లాస్టిక్ బిళ్లలు వేడి చేసి చూస్తాం" అనేదాన్ని. వాళ్లు నన్ను ఎగాదిగా చూసి దిగిపోయేవాళ్లు. నేను వేళాకోళం ఆడానని అనుకునేవాళ్లేమో గాని, నా ఉద్యోగం అక్షరాలా అదే.

ఎక్స్‌రే గదుల్లో, సీటీ స్కాన్ దగ్గర పనిచేసేవాళ్ల ఛాతీ మీద అగ్గిపెట్టెలాంటి బ్యాడ్జీ ఒకటి మీరు చూసే ఉంటారు. దాన్ని టీఎల్‌డీ బ్యాడ్జీ అంటారు. లోపల ఒక అల్యూమినియం రేకు, ఆ రేకుకు మూడు తెల్లని బిళ్లలు, చొక్కా గుండీలంత. అంటుకోని పెనాల మీద పూతగా వేసే టెఫ్లాన్ ఉందే, ఆ ప్లాస్టిక్‌లో ఒక లవణం పొడి కలిపి అదిమి చేసిన బిళ్లలవి. రేడియేషన్ తగిలితే బిళ్ల రంగు మారదు, వేడెక్కదు, పైకి ఏమీ తెలియనివ్వదు. తగిలినదాన్ని లోపల దాచుకుంటుంది. మూడు నెలలకోసారి ఆ బిళ్లను మా రీడర్ యంత్రంలో పెట్టి వేడి గాలి తగిలిస్తే, దాచుకున్నదంతా వెలుగుగా వదిలేస్తుంది. ఆ వెలుగు మన కంటికి ఆనదు. యంత్రం దాన్ని కొలిచి కాగితం మీద ఒక గీత గీస్తుంది. గుట్టలా లేచి దిగే ఆ గీత పేరు గ్లో కర్వ్. గుట్ట ఎంత పెద్దదైతే రేడియేషన్ అంత ఎక్కువ తగిలినట్టు.

ఇందులో ఒక చిక్కుంది. బిళ్ల తన సంగతి ఒక్కసారే చెప్తుంది. వేడి చేశాక వెలుగు పోయింది, ఇక అది ఖాళీ. అనుమానం వచ్చి మళ్లీ పెట్టి చూద్దామంటే చూడటానికి ఏమీ మిగలదు. అందుకని నేను చాలా జాగ్రత్తగా ఉండేదాన్ని. నా చేతి మీదుగా వెళ్లిన కొలతలో తప్పు పట్టినవాళ్లు లేరు. నాకు ఆ విషయంలో కాస్త గీర కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ ఏడు అక్టోబరు చివర్లో జూలై నుంచి సెప్టెంబరు దాకా వాడిన కార్డులు చదువుతున్నాను. పంజాగుట్టలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కట్ట విప్పాను. చిన్న సెంటర్, రెండు ఎక్స్‌రే మిషన్లు, ఒక సీటీ. ఏళ్ల తరబడి వాళ్ల కార్డుల్లో చెప్పుకోదగ్గదేమీ రాలేదు. ఆ రోజు కూడా ముందు కార్డులన్నీ నేలబారు గీతలే. ఆఖరున సరిత అనే టెక్నీషియన్ కార్డు పెట్టాను. గీత లేచింది, లేస్తూనే పోయింది. ఏడాది మొత్తానికి ఉండాల్సిన హద్దు ఆ మూడు నెలల్లోనే దాటేసింది.

అంతకన్నా వింత ఇంకొకటుంది. బ్యాడ్జీ డబ్బాకు మూడు కిటికీలుంటాయి. ఒక బిళ్ల లోహం వెనక ఉంటుంది, ఒకటి ప్లాస్టిక్ వెనక, మూడోదానికి ఏ అడ్డూ ఉండదు. ఎక్స్‌రేలు మెత్తని కిరణాలు, లోహం వాటిని చాలావరకు ఆపేస్తుంది. కాబట్టి ఎక్స్‌రే తగిలిన బ్యాడ్జీలో లోహం వెనక బిళ్ల తక్కువగా, అడ్డులేని బిళ్ల బాగా ఎక్కువగా వెలుగుతాయి. గామా కిరణాలు గట్టివి. క్యాన్సర్ ఆసుపత్రుల్లోనో, రేడియేషన్ వదిలే రేడియో మందులు వాడే చోటనో ఉంటాయి. వాటికి ఆ లోహపు రేకు ఒక లెక్క కాదు, మూడు బిళ్లలూ ఇంచుమించు ఒక్క తీరుగా వెలుగుతాయి. సరిత కార్డులో మూడూ ఒక్క తీరుగా వచ్చాయి.

నేను చూడకపోలేదు. చూశాను. ఎక్స్‌రే సెంటర్‌లో ఇదేమిటి అని ఒక్క క్షణం ఆగాను కూడా. ఆగి ఏం చేశాను? రూలు ప్రకారం 'ఓవర్ ఎక్స్‌పోజర్' అని ముద్ర వేసి, ఉత్తరం టైపు చేయించి, ఆ సాయంత్రమే కొరియర్‌కిచ్చాను. కొలవడం నా పని, కారణం వెతుక్కోవడం వాళ్ల పని. అప్పట్లో నా ధోరణి అది. ఆ రోజు శుక్రవారం.

బుధవారం మధ్యాహ్నం మా తలుపు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. ముప్ఫై లోపే ఉంటాయి. మళ్లీ డాట్‌నెట్ అనుకుని నా మామూలు జవాబు అందుకోబోయాను. ఆమె సంచిలోంచి మా ఉత్తరం జిరాక్సు తీసింది.

"మేడమ్, సరితంటే నేనే. గీ కాగితంల పేరు నాదే."

కూర్చోమన్నాను. కూర్చుంది గాని కుర్చీ అంచు మీద. నీళ్లిస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది, తాగలేదు.

"నాకు నాలుగో నెల మేడమ్" అంది.

ఉత్తరంలో నేను పంపింది ఒక పేరూ, ఒక అంకే. ఆ పేరు వెనక ఇంత సంగతుంటుందని నాకు తట్టలేదు.

ఆమె నెమ్మదిగా చెప్పింది. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు. భర్త పని పోగొట్టుకుని, మైత్రీవనంలోనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటున్నాడు. ఎస్.ఆర్. నగర్‌లో ఒక్క గది పోర్షన్. ఇల్లు నడిచేది ఆమె జీతంతో. సోమవారం ఉత్తరం సెంటర్‌కు చేరింది. మేనేజర్ పిలిచి, బ్యాడ్జీ ఎక్స్‌రే రూములో మర్చిపోయానని సంతకం పెట్టమన్నాడు, వచ్చే నెల నుంచి రావద్దని కూడా అన్నాడు. ఇంటికి పోయి చెబితే అత్తగారు తనకు తెలిసిన డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆ డాక్టరమ్మ కాగితం మీద అంకె ఎంతో అడిగి, ఇంత తగిలితే బిడ్డకు మంచిది కాదు, తీయించుకోవడమే నయం అంది.

"శనివారం రమ్మన్నరు మేడమ్. మా ఆయన ఏమంటలేడు. మా అత్త మంచి మాటే చెప్తున్నా అంటది. నేనే ఒక్కసారి అడిగొస్తా అని వచ్చిన. గా బిళ్లను ఇంకోపారి చూడుండ్రి. ఏమన్న తప్పు వచ్చిందేమో."

"మళ్లీ చూడటానికి ఉండదమ్మా. ఒకసారి వేడి చేస్తే అయిపోతుంది."

"మల్ల మీకెట్ల తెల్వాలె, తప్పో కాదో?"

ఆ ప్రశ్న నాకు తిన్నగా తగిలింది. ఫైలు తీసి గ్లో కర్వ్ ఆమె ముందు పెట్టాను. మూడు గుట్టలు, ఒకే ఎత్తు. నేను శుక్రవారం చూసి వదిలేసింది ఇప్పుడు ఆమె పక్కన కూర్చుని చూశాను.

"సరితా, ఇది మీ ఎక్స్‌రే మిషన్‌ది కాదు. సీటీది కూడా కాదు. ఇది గట్టి కిరణం. ఈ మూడు నెలల్లో నువ్వు క్యాన్సర్ ఆసుపత్రికి గాని, రేడియో మందు ఇచ్చే చోటికి గాని పోయినవా? మీ ఇంట్లో ఎవరికైనా అట్లాంటి వైద్యం జరిగిందా?"

"లేదు మేడమ్. ఇల్లు, సెంటర్. అంతే."

"బ్యాడ్జీ ఎప్పుడన్నా నీ దగ్గర లేకుండా పోయిందా?"

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, "లేదు, నా దగ్గరనే ఉన్నది" అంది. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాళ్ల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె మొహం. నేను రెట్టించలేదు. రేపు నేనే సెంటర్‌కు వస్తాను, శనివారం దాకా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు అని పంపాను. మెట్లు దిగబోతూ ఆగి, "మేడమ్, మా దగ్గర యూసుఫ్ భాయ్ అని సీనియర్ ఉన్నడు. గాయన్ని మాత్రం ఏం అడగకుండ్రి. సెప్టెంబర్ల రెండు వారాలు నాతోని మాట్లాడుడే బంద్ చేసిండు. ఎందుకో తెల్వది. మల్ల ఇప్పుడు మంచిగనే ఉన్నడు" అంది.

అడగవద్దని చెప్పడానికే ఆమె ఆ పేరు ఎత్తింది. నాకైతే అడగాల్సిన మనిషెవరో తెలిసిపోయింది.

మా పై అధికారికి చెప్పుకుని గురువారం పొద్దున బయలుదేరాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు బస్సులో కూర్చునే కంటే నడిస్తే ముందు చేరుతాం, అప్పటికే ట్రాఫిక్ అలా ఉండేది. మేనేజర్ ప్రభాకర్ గారు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడే. కాఫీ తెప్పించి అసలు మాటకొచ్చాడు.

"ఏంటి మేడమ్, ఇంత చిన్న విషయానికి మీరు రావాలా? ఎక్స్‌రే రూములో మర్చిపోయిందని రాసేస్తే సరిపోతుంది కదండీ. అందరూ అదేగా రాసేది."

"రాయొచ్చు. కానీ రూములో మర్చిపోతే మూడు బిళ్లలూ ఒక్క తీరుగా రావండి. రేడియేషన్ భద్రత చూసే పై వాళ్లు కాగితం చూడగానే అబద్ధమని చెప్పేస్తారు. అప్పుడు మీ సెంటర్ మీదకే వస్తుంది."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. బ్యాడ్జీలు ఎక్కడ ఉంచుతారో చూపించమన్నాను. ఆఫీసు గది ఎదురుగా గోడకు ఒక చెక్క పలక, దాని మీద పేర్లు, ప్రతి పేరు కింద ఒక మేకు. సాయంత్రం పోయేటప్పుడు బ్యాడ్జీ మేకుకు తగిలించి పోవాలి, పొద్దున రాగానే తీసి పెట్టుకోవాలి. అంతవరకు పద్ధతే. ఆయన మాత్రం ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"నేను రిజిస్టరు తీసేశానండి. సంతకాలు ఎవడైనా తర్వాత పెట్టుకుంటాడు. ఇదైతే తొమ్మిదింటికి నా కుర్చీలోంచి చూస్తే చాలు. మేకు ఖాళీగా ఉంటే మనిషి డ్యూటీలో ఉన్నట్టు. బ్యాడ్జీ వేలాడుతుంటే రానట్టు. ఆ పూట సగం జీతం కట్."

ఎంతో తెలివైన ఏర్పాటు చేశానన్న తృప్తి ఆయన గొంతులో వినిపించింది. నేను ఇన్నేళ్లలో ఎన్నో సెంటర్లు చూశాను గాని బ్యాడ్జీని హాజరుపట్టీ చేసినవాణ్ణి అక్కడే చూశాను.

"సెప్టెంబరులో సరిత మేకు తొమ్మిదింటికి ఎప్పుడైనా నిండుగా కనిపించిందా?"

"ఒక్కరోజు కూడా లేదండి. టైమంటే టైమే ఆ అమ్మాయి."

నాలుగో నెల అంటే సెప్టెంబరులో రెండో నెలో మూడో నెలో. వాంతులు పట్టుకునే రోజులు. అలాంటి అమ్మాయి ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదంటే నేను నమ్మలేదు. మా అమ్మ నా తర్వాత ముగ్గుర్ని కనడం చూసినదాన్ని నేను.

యూసుఫ్ భాయ్ డార్క్‌రూములో ఉన్నాడన్నారు. అప్పటికింకా ఫిలింలు మందునీళ్లలో కడిగే రోజులు. తలుపు తట్టాను. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, నెరిసిన గడ్డం. బయటికొచ్చి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ సలాం చెప్పాడు. నేనెవరో చెప్పాను.

"సరితది మీరే చదివిండ్రా మేడమ్? పాపం పిల్ల. ఎట్లొచ్చిందో ఏమో సమజైతలేదు. కడుపుతోని ఉన్నదని తెలిసినకాంచి ఆమెను రూము లోపలికి పోనియ్యలే నేను. బయట మిషన్ నడిపే కన్సోలు దగ్గర, లేకుంటే రిపోర్టుల టేబుల్ దగ్గర కూసోబెట్టిన. అల్లా కసమ్."

"శనివారం తీయించుకోమన్నారట" అన్నాను.

తువ్వాలు ఆగిపోయింది.

"ఏం తీయించుకోమన్నరు?"

"కడుపు. కాగితంలో అంకె చూసి ఒక డాక్టరమ్మ చెప్పిందట."

ఆయన గోడకు ఆనుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి, శిక్షణ తీసుకున్న మనిషి. తల ఎత్తి నన్ను ఒక్క ప్రశ్న అడిగాడు.

"మేడమ్, మూడు బిళ్లలు ఒక్క తీరు వచ్చినయా?"

నేను ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. సరిత కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది. అవునన్నట్టు తల ఊపాను.

"యా అల్లా" అని అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. "నాదే గలతీ. మొత్తం నాదే."

అప్పుడు చెప్పాడు. ఎండాకాలం నుంచి గుండె దడ, చేతుల వణుకు, ఎంత తిన్నా బక్కచిక్కిపోవడం. పరీక్షలు చేస్తే థైరాయిడ్ హద్దు మీరి పనిచేస్తోందన్నారు. ఆగస్టు ఆఖర్లో బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో రేడియో అయోడిన్ మందు తాగించారు. ఆ మందు గొంతులో చేరి, చెడ్డ గ్రంథిని లోపల్నుంచే మాడుస్తుంది. కొన్ని రోజుల పాటు ఆ మనిషి ఒంట్లోంచి గామా కిరణాలు బయటికి వస్తూ ఉంటాయి. చిన్నపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండమని చెప్పి పంపుతారు.

"సెలవులు అయిపోయినయ్ మేడమ్. నాలుగు రోజులు ఇంట్లనే ఉండి, డాక్టర్ సాబ్‌ను అడిగితే దూరం దూరం ఉండి పని చేసుకోవచ్చన్నడు. నేను అన్నీ రూల్ ప్రకారమే చేసిన. మందు తాగినోడు బ్యాడ్జీ పెట్టుకోవద్దు గదా, నాది తీసి స్టోరు బీరువాల పెట్టి తాళమేసిన. సరిత దిక్కు పోవద్దని రోజంతా ఈ డార్క్‌రూమ్‌లనే ఉన్న. ఆమె చాయ్ తెస్తే బయటనే పెట్టిపో అన్న. లోపలికి రాకు అని గట్టిగ సుత అన్న ఒకరోజు. చెప్తే భయపడ్తదని చెప్పలే."

"మరి ఆమె బ్యాడ్జీ?"

"పొద్దున పొద్దున ఆమెకు వాంతులు. బస్సెక్కితే సగంల దిగుతుండె. పదింటికి వస్తుండె. మేకు మీద బ్యాడ్జీ కనబడితే సగం జీతం పాయె. అందుకని ఆగస్టు సగం నుంచే నేను రాంగనే నాదీ ఆమెదీ రెండూ తీస్తుంటి. ఆమె వచ్చినంక చేతికిస్తుంటి. మందు తాగినంక..." ఆయన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "మందు తాగినంక దగ్గరికి పోవద్దు గదా. ఇయ్యాలంటే దగ్గరికి పోవాలె. అట్లనే జేబుల పెట్టుకుని సాయంత్రం మేకుకు తగిలిస్తుంటి. రెండు వారాలు. నా బ్యాడ్జీకి తాళమేసిన, ఆమెది గొంతు కింద పెట్టుకుని తిరిగిన. ఇంత అకల్ లేదు నాకు."

నాకు ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. ఆ అమ్మాయికి దూరంగా ఉండటానికి అంత పట్టుదలగా ఉన్నాడు కాబట్టే బ్యాడ్జీ ఆయన జేబులో ఉండిపోయింది. పట్టించుకోనివాడైతే మామూలుగా పోయి చేతిలో పెట్టి వచ్చేవాడు.

సరితను పిలిపించాను. రిపోర్టుల బల్ల దగ్గర నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. యూసుఫ్ భాయ్ లేచి, ఆమె మొహం చూడకుండా అంతా మళ్లీ చెప్పాడు. ఆమె తలుపు చెక్క పట్టుకుని అంతా వింది.

"బ్యాడ్జీ ఆయన దగ్గర ఉందని నీకు తెలుసు కదా. నిన్న నన్నడిగితే నీ దగ్గరే ఉందన్నావు" అన్నాను.

"తెలుసు మేడమ్. చెప్తే సార్ ఆయన్ని తీసేస్తడు గదా. నా కోసమే చేసె మల్ల." కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అంది. "గది చెప్పాల్సిన ముచ్చట అనుకోలే. ఆయన బ్యాడ్జీకి ఏం రాలే. అదే జేబుల ఉన్న నా దానికి ఎట్లొస్తది అనుకున్న."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమెకు తెలిసినంతలో సరిగ్గానే ఆలోచించింది. యూసుఫ్ భాయ్ తన బ్యాడ్జీ తాళంలో పెట్టాడని ఆమెకు తెలియదు, ఆమె బ్యాడ్జీ ఏం చేస్తోందో యూసుఫ్ భాయ్‌కి తట్టలేదు. ఒకరికొకరు మేలు చేసుకోబోయి ఇద్దరూ నోరు మూసుకున్నారు. మధ్యలో నా కాగితం వచ్చి పడింది.

"భాయ్, నా మీద కోపమొచ్చిందనుకున్న" అంది సరిత. అప్పుడు ఏడ్చింది. "రెండు వారాలు చాయ్ బయట పెట్టి పోతుంటే కుక్కకు పెట్టినట్టు అనిపించింది. చెప్తే అయిపోవు గదా."

"చెప్పాల్సుండె బేటీ" అన్నాడాయన. "చెప్పాల్సుండె."

మిగిలింది కాగితాల పని. యూసుఫ్ భాయ్ మధ్యాహ్నమే ఇంటికి పోయి ఆసుపత్రి ఇచ్చిన ట్రీట్‌మెంట్ కార్డు తెచ్చాడు. మందు ఎంత, ఏ రోజు తాగించారు అన్నీ అందులో ఉన్నాయి. గొంతుకూ జేబుకూ మధ్య దూరం స్కేలుతో కొలిచాను. రోజుకు ఎన్ని గంటలు జేబులో ఉంది, మందు రోజురోజుకూ ఎంత తగ్గుతుంది, అవి వేసి లెక్క కడితే మా యంత్రం చూపించిన దానికి దగ్గరదగ్గరగా వచ్చింది. మూడు సార్లు కట్టాను. గీర గల మనిషిని కదా, ఈసారి ఆ గీర పనికొచ్చింది.

శుక్రవారం సాయంత్రం ఎస్.ఆర్. నగర్‌లో సరిత వాళ్ల గదికి నేనే వెళ్లాను. ఆమె భర్త కోర్సు నోట్సు పక్కకు జరిపి మంచం మీద చోటిచ్చాడు. అత్తగారు స్టవ్ దగ్గర నిలబడి విన్నారు. నేను రెండే మాటలు చెప్పాను. బిళ్లల్లో కనిపించింది యూసుఫ్ గారి గొంతులోని మందు, సరిత ఒంటికి తగిలింది కాదు. రెండో మాట చెప్పడం కష్టమైంది. ఆ రెండు వారాలు సరిత ఛాతీ మీద బ్యాడ్జీ లేదు కాబట్టి, ఆమెకు తగిలింది సున్నా అని నేను సంతకం పెట్టలేను. కానీ ఆమె కూర్చున్న చోటు, చేసిన పని, పక్కవాళ్ల కార్డులు అన్నీ చూస్తే భయపడాల్సింది ఏదీ కనిపించలేదు. ఇదంతా రాసి తెచ్చాను, ఆ డాక్టరమ్మకు చూపించండి అన్నాను.

"గంతేనా?" అన్నారు అత్తగారు. "మరి గా కాగితంల పేరు దీనిదే ఎందుకు రాసిండ్రు?"

"బ్యాడ్జీ మీద ఆ పేరుంది కాబట్టి రాశానమ్మా."

ఆమె నా వైపు అలాగే చూస్తూ ఉండిపోయారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. శనివారం ఆ డాక్టరమ్మ నా కాగితం చదివి, ఫోన్ చేసి నన్ను పది ప్రశ్నలడిగి, అవసరం లేదు పొమ్మంది. సరిత ఫోన్‌లో ఆ మాట చెప్పినప్పుడు రిసీవర్ పెట్టేసి బాత్రూములోకి పోయి మొహం కడుక్కొచ్చాను.

సెంటర్‌లో ప్రభాకర్ గారు గోడ మీద పలక అలాగే ఉంచి, సంతకాల రిజిస్టరు మళ్లీ తెరిచారు. యూసుఫ్ భాయ్‌కి మెమో ఇచ్చారు, ఉద్యోగం మాత్రం ఉంచారు. ఉంచకపోతే మేకుల హాజరు సంగతి కూడా నా నివేదికలో రాయాల్సి వస్తుందని నేను మర్యాదగానే చెప్పాను. సరితను కాన్పు దాకా రిసెప్షన్‌లో వేశారు. ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. యూసుఫ్ భాయ్ మా ల్యాబ్ దాకా వచ్చి మిఠాయి డబ్బా ఇచ్చి, "మూడున్నర కిలోలు మేడమ్, మస్తు గట్టిగున్నది" అని ఆ బరువు తనే మోసినట్టు చెప్పాడు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్లు యూసుఫ్ భాయ్ పొరపాటు గురించో, మేనేజర్ మేకుల గురించో మాట్లాడతారు. నాకు మాత్రం వేరేది గుర్తొస్తుంది. బిళ్లకు ఎవరి పేరూ తెలియదు. అది ఎక్కడుందో, దాని పక్కన ఏముందో అంతవరకే దాచుకుంటుంది, అదీ నిజాయితీగా. ఆ బిళ్లలు శుక్రవారం నాడే నాతో ఉన్నదున్నట్టు చెప్పాయి. మూడూ ఒక్క తీరు, ఇది ఎక్స్‌రే కాదు, ఇక్కడేదో వేరే సంగతుంది అని. విన్నాను, విని ముద్ర వేశాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ అమ్మాయి పడ్డ నరకం యూసుఫ్ భాయ్ వల్ల వచ్చింది కాదు, మేనేజర్ వల్ల వచ్చింది కాదు. ఆ అయిదు రోజులూ నావి. ఫోను నా బల్ల మీదే ఉండింది, సెంటర్ నంబరు కట్ట మీదే రాసి ఉండింది.

బిడ్డను ఎత్తుకుని సరిత ఒకసారి ల్యాబ్‌కు వచ్చింది. యంత్రం చూపించాను, నేను ఎత్తుకున్నాను. పోయేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, నొప్పించాలని కాదు, మామూలుగానే అంది. "ఇంకెవ్వరిదన్న గిట్లొస్తే, కాగితం పంపే ముందుగల్ల ఒక ఫోన్ చెయ్యుండ్రి మేడమ్."

ఆ తర్వాత పదిహేనేళ్లు ఆ బల్ల ముందే పనిచేశాను. గీత లేచిన ప్రతిసారీ ముద్ర పక్కన పెట్టి ముందు ఫోన్ ఎత్తాను. అవతల ఎవరున్నా, వాళ్ల గొంతు వినగానే నా నోట మొదట వచ్చే మాట ఒకటే. "భయపడకమ్మా. ముందు నీ బ్యాడ్జీ ఎవరెవరి దగ్గర ఉందో చెప్పు."